చేపనూనె సీసాలో నిద్ర

ఆ రోజుకు ఆమె వేసుకున్న పథకం ఆవగింజంత. ఎనిమిదింటికల్లా మైకు గదిలో కూర్చోవాలి. తొమ్మిదింటికి వచ్చే తనిఖీ అధికారి మళ్లీ జీపెక్కి పోయేదాకా ఒక్క బస్సు నంబరు కూడా తప్పు చదవకూడదు. అంతే. అంతకుమించి దేవుణ్ణి ఆమె ఏమీ అడగలేదు.

బస్‌స్టేషనులో ఆమెను అందరూ మైకమ్మ అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆ గాజు గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో చెబుతుంది. "ప్రయాణికులకు మనవి" అని ఆ గొంతు పలికిందంటే, పెట్టె నెత్తిన పెట్టుకుని పరుగెత్తేవాడు కూడా ఆగి చెవి ఒగ్గుతాడు. మొగుడిది కూడా అక్కడే కొలువు. పద్నాలుగో నంబరు బస్సు డ్రైవరు. కొండ రూటు, ముప్పై ఆరు మలుపులు, ఒక పక్క బండ, ఒక పక్క లోయ.

ఆమెకు ఏడాది కిందట నెలసరి ఆగిపోయింది. ఆగింది ఆగినట్టు ఊరుకోలేదు, పోతూ పోతూ నిద్రను కూడా చంకన పెట్టుకుపోయింది. ఉన్నట్టుండి ఛాతీలోంచి సెగ లేచి మెడ మీదుగా నడినెత్తికి పాకేది. రవిక తడిసి ముద్దయ్యేది. రాత్రంతా దిండు తిరగేసుకోవడం, పగలంతా మైకు ముందు తూగడం. ఒకసారి మూడో ప్లాట్‌ఫారం అనబోయి తొమ్మిది అంది. ఒక ఫుట్‌బాల్ జట్టు మొత్తం వేరే ఊరికి పోయింది, ఎదుటి జట్టు బంతి ముట్టకుండానే గెలిచింది. ఇంకోసారి మైకు ముందే కునికింది. ప్రయాణికులు నాలుగు నిమిషాలపాటు శ్రద్ధగా గురక విన్నారు.

బస్సుల్ని పంపడం, ఆపడం చూసే కంట్రోలరు ఆ తప్పుల్ని కాగితం మీద రాసిచ్చాడు. ఆయన్ని వెనక అందరూ దువ్వెన సారు అంటారు. నెత్తిన మిగిలిన పదహారు వెంట్రుకల్నీ గంటకోసారి దువ్వుకుంటాడు.

"ఇంకొక్క తప్పు దొర్లిందా, మైకు పీకేసి నిన్ను పోయిన సామాన్ల గదికి పంపిస్తా. అక్కడ గొడుగులకి, చెప్పులకి అనౌన్సుమెంట్లు చేసుకో" అన్నాడు.

పోయిన సామాన్ల గదికి కిటికీ లేదు, ఫ్యాను లేదు. ఒళ్లంతా సెగలు కక్కే మనిషికి అది గది కాదు, కుంపటి. ఆ గది తలుచుకుంటేనే మైకమ్మకు కాళ్లు చల్లబడేవి. కాళ్లు మాత్రమే. మిగతా ఒళ్లు యథాప్రకారం కాలేది.

నిద్ర ఎందుకు పట్టడం లేదో ఆయనకు చెప్పొచ్చు కదా అంటారేమో. ఎలా చెబుతుంది? బస్సు ఇంజను వేడెక్కితే పదిమంది చుట్టూ మూగి, బానెట్ ఎత్తి, నీళ్లు పోసి, అయ్యో పాపం అంటారు. ఆడమనిషి ఒళ్లు వేడెక్కితే మాత్రం నోరెత్తకూడదు. ఇంజనుకున్న మర్యాద ఇంజనుది.

పన్నెండు రోజుల కిందట ఎవరికీ చెప్పకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ ఈమె పాత చీటీలన్నీ తిరగేసింది.

"నీకు ఆపరేషనప్పుడు కాల్లో రక్తం గడ్డ కట్టింది కాబట్టి ఈస్ట్రోజెన్ మాత్రల జోలికి పోను. మామూలుగా అదే అసలు మందు. ఈ ప్రొజెస్టిరాన్ దానికి తోడు, గర్భసంచికి కాపలా. నీకు ఈ తోడునొక్కదాన్నే ఇచ్చి చూస్తాను. కొందరికి నిద్ర పడుతుంది, సెగలు కొంచెం తగ్గుతాయి. కొందరికి ఏమీ కాదు. ముందే చెప్తున్నా, ఇది మంత్రం కాదు. మూడు నెలలు చూద్దాం."

"ఎప్పుడు వేసుకోవాలండీ?"

"పక్క మీదికి చేరేముందే. మత్తుగా ఉంటుంది. పగలు వేసుకుని స్టీరింగు పట్టుకున్నావంటే నేరుగా లోయలో తేలతావు."

"నేను మైకు పట్టుకుంటానండీ. స్టీరింగు మా ఆయనది."

"అయితే ఆయనకి అందకుండా పెట్టు."

మందు పనిచేసింది. సెగలు పూర్తిగా పోలేదు గానీ, నిద్ర మాత్రం తప్పిపోయిన మేకలా మెల్లగా ఇల్లు చేరింది. చిక్కల్లా అత్తయ్యతోనే. ఆవిడ ముప్పై అయిదేళ్లు పురుళ్ల ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో ఏ మాత్ర కనిపించినా పేరు చదివి, జబ్బు చెప్పి, వీధికి వినిపిస్తుంది. ప్రొజెస్టిరాన్ అంటే ఆవిడకు తెలిసింది ఒక్కటే: కడుపు నిలవడానికి ఇచ్చే మందు. అది ఆవిడ కంట పడిందా, సాయంత్రానికి వీధి వీధంతా ఉయ్యాల బేరమాడుతుంది.

అందుకని మైకమ్మ, చేపనూనె మాత్రల్లాగే మెత్తటి గుళికలుగా ఉన్న ఆ మాత్రల్ని అట్టలోంచి ఒక్కొక్కటే ఒలిచి, మొగుడి ఖాళీ చేపనూనె సీసాలో పోసి, పిండి డబ్బా వెనక దాచింది. మందు కాగితాన్ని బట్టల సబ్బు పెట్టెలో కుక్కింది. గుండె డాక్టరు మొగుణ్ణి రోజూ చేపనూనె మాత్ర వేసుకోమన్నాడు. "వేసుకున్నారా" అని ఈమె రోజూ అడుగుతుంది. "వేసుకున్నా" అని ఆయన రోజూ అంటాడు. ఆ కాపురంలో మందుల సంగతి అంతవరకే.

ఎనిమిదీ ఇరవైకి మొగుడు గాజు గది కిటికీలోంచి తల పెట్టాడు.

"ఏమోయ్, నా చేపనూనె అయిపోయిందని పొద్దున్నే బెంగపడ్డా. పిండి డబ్బా వెనక ఇంకో సీసా పెట్టావుగా! కొత్తరకమా? వాసనే లేదు."

ఆమె చేతిలోని పెన్ను బల్ల మీద పడింది.

"వేసుకున్నారా?"

"వేసుకున్నా తల్లీ, వేసుకున్నా. ఇంక సాధించకు" అని స్టీరింగు తిప్పే చేత్తో టాటా చెప్పి బస్సు వైపు నడిచాడు.

మైకమ్మకు ఒక్కసారిగా ఒళ్లంతా చెమట పట్టింది. అది వయసు సెగో భయమో విడదీసి చూసుకునే తీరిక లేదు. నేరుగా లోయలో తేలతావు. ఎనిమిదీ నలభైకి పద్నాలుగో నంబరు కదులుతుంది. తొమ్మిదింబావుకు మొదటి మలుపు. సరిగ్గా అప్పటికి కళ్లు వాలతాయి. బస్సు కిటికీలోంచి ఒక చంటిబిడ్డ చేయి బయటపెట్టి గాలిని పట్టుకుంటోంది.

కంట్రోలు గదికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. "దువ్వుకుంటున్నాడు కాబోలు, వీడి జుట్టు తగలెయ్య" అనుకుంది. మైకు గది వదిలి కదిలితే ఉద్యోగం పోతుంది. అటుగా పోతున్న బుల్లి కండక్టరును చప్పట్లు కొట్టి పిలిచింది. ఆ పిల్ల మనిషి నాలుగున్నర అడుగులు, గొంతు మాత్రం ఇంకో నాలుగున్నర.

"మా ఆయన్ని బస్సు దింపు. తియ్యొద్దని చెప్పు. పొద్దున్నే ఏదో పడని మాత్ర వేసుకున్నాడు."

"ఏం మాత్రక్కా?"

"అది... అది నీకెందుకే? ముందు పరుగెత్తు!"

దాచిన మాటకు కాళ్లెక్కువ. బుల్లి కండక్టరు బస్సు మెట్లెక్కి, "అన్నా దిగు! నువ్వేదో మింగావంట, మైకక్క ఏడుస్తోంది!" అని అరిచింది. ముందు సీట్లో ముసలాయన పక్కవాడితో "డ్రైవరు విషం మింగాడట" అన్నాడు. నడి సీట్లో అది "పెళ్లాం విషం పెట్టిందట" అయింది. వెనక సీటుకు చేరేసరికి పెళ్లాం మొత్తం డిపోకే పెట్టింది. అప్పుడే డిపో క్యాంటీన్లో టీ తాగొచ్చిన ఇద్దరు నోట్లో వేళ్లు పెట్టుకుని కిటికీల్లోంచి వంగారు.

డ్రైవరు మాత్రం దిగలేదు. ఆడవాళ్ల చాదస్తం అనుకుని ఇంజను స్టార్టు చేశాడు.

ఆ చప్పుడు గాజులోంచి వినపడగానే మైకమ్మకు ఉద్యోగం, తనిఖీ, సామాన్ల గది అన్నీ మాసిపోయాయి. మైకు బటన్ నొక్కింది.

"ప్రయాణికులకు మనవి. పద్నాలుగో నంబరు బస్సు కదలరాదు. కదలరాదు! ప్రాణం మీద ఆశ ఉన్నవాళ్లు వెంటనే దిగిపోండి!"

రెండో మాట అనకుండా ఉండాల్సింది. ఇరవై రెండేళ్లలో ఆ గొంతు ప్రాణం ఊసెత్తింది అదే మొదటిసారి. పద్నాలుగో నంబరు ఖాళీ అయింది. దాన్ని చూసి పదిహేను ఖాళీ అయింది. పదిహేనును చూసి మిగతావి. బాంబని ఒకడు, మంటలని ఒకడు, భూమి కంపిస్తోందని ఒకడు. నిలబడి ఉన్న భూమి మీద నాలుగు వందలమంది పరుగెత్తితే అది నిజంగానే కంపించింది. పెట్టెలు దొర్లాయి. ఎవరిదో కోడి ప్రయాణం మానుకుని టికెట్ కౌంటరు ఎక్కి కూర్చుంది. అంత గందరగోళంలోనూ కంట్రోలు గదిలోంచి పురుగు కూడా బయటికి రాలేదు.

డ్రైవరు గాజు గది తలుపు తన్నుకుంటూ వచ్చాడు.

"మతి పోయిందా నీకు? ఏమిటే ఇది?"

ఆమె మైకు బటన్ నొక్కి కట్టేసింది. కట్టేశాననుకుంది. అది ముసలి బటన్, రెండుసార్లు నొక్కితే గానీ ఆగదు. ఇరవై రెండేళ్లుగా రెండుసార్లే నొక్కుతోంది. ఆ రోజు కంగారులో ఒక్కసారే నొక్కింది. స్టేషనులో ఉన్న పన్నెండు లౌడుస్పీకర్లూ చెవులు రిక్కించుకుని కూర్చున్నాయి.

"మీరు మింగింది చేపనూనె కాదండీ! నా మందు! మత్తొస్తుంది. కొండ మీద కళ్లు మూతపడితే ఇంకేముంది? కూర్చోండి. కళ్లు తిరుగుతున్నాయా? నా వేళ్లు ఎన్నున్నాయో చెప్పండి."

"నాలుగు. నీ మందేంటి? నీకేం జబ్బు?"

పాతికేళ్ల కాపురం. వీపు రుద్దిన మనిషే, వాంతి ఎత్తిపోసిన మనిషే. అయినా ఆ ఒక్క మాట గొంతు దాటి రాలేదు.

అంతలో తలుపు మళ్లీ తెరుచుకుంది. అత్తయ్య. చేతిలో సబ్బునురగ అంటిన మందు కాగితం. బట్టలు నానబెట్టబోయి సబ్బు పెట్టెలో చేయి పెట్టిందట. దొరికిన బస్సు పట్టుకుని వచ్చేసింది.

"అమ్మాయ్! ఎన్నో నెల?"

ఆ మూడు మాటలూ పన్నెండు లౌడుస్పీకర్లలోంచి ఒక్కసారి వెలువడ్డాయి. పరుగెత్తేవాళ్లు ఆగిపోయారు. బాంబు, మంట, భూకంపం అన్నీ చల్లారిపోయాయి.

"అమ్మా, ఏం మాట్లాడుతున్నావే?" అన్నాడు డ్రైవరు.

"నోర్ముయ్యరా! తాతవయ్యే వయసులో సిగ్గుండాలి. ముప్పై అయిదేళ్లు చూశాను నేను ఈ మందుని. నిలవని కడుపు నిలవడానికి ఇస్తారు. యాభై ఒకటో ఏట నీకిదేం బుద్ధే అమ్మాయ్, కనీసం నాతో ఒక్క మాట చెప్పకూడదూ? పురుడు ఎవరు పోస్తారనుకున్నావు?"

బయట ఎవడో పళ్లికిలించాడు. ఆ నవ్వు ప్లాట్‌ఫారాల వెంట పాకింది. గాజులోంచి చూసిన మైకమ్మకు అప్పుడు వెలిగింది: తలలన్నీ పైకెత్తి ఉన్నాయి, స్పీకర్ల వైపు. బటన్ పక్కన ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

నెలల తరబడి ఆమె భయపడింది సరిగ్గా దీనికే. ఎవరికైనా తెలిసిపోతుందేమో అని. ఇప్పుడు తెలిసింది, అదీ తప్పుగా తెలిసింది. భయంతో వెనక్కి జరిగి జరిగి గోడకు తగిలిన మనిషి ఏం చేస్తాడు? ముందుకే రావాలి. ఆమె మైకు దగ్గరికి లాక్కుంది. గొంతు అలవాటు ప్రకారం నిటారుగా నిలబడింది.

"ప్రయాణికులకు మనవి. నాకు కడుపు లేదు. నాకు నెలసరి ఆగిపోయింది. ఏడాదిగా నిద్ర లేదు, ఒళ్లు సెగలు. డాక్టరమ్మ ప్రొజెస్టిరాన్ ఒక్కటే ఇచ్చింది, నిద్ర కోసం. అందరికీ పనిచేస్తుందని ఆవిడా చెప్పలేదు, నేనూ చెప్పను. ఎవరి ఒంటికి ఏది సరిపోతుందో వాళ్ల డాక్టరే చెప్పాలి. ఆ మాత్ర మా ఆయన పొరపాటున మింగి స్టీరింగు పట్టుకున్నాడు కాబట్టి బస్సు ఆపాను. ఇందాక నవ్విన పెద్దమనిషి ఎనిమిదో ప్లాట్‌ఫారం మీదున్నాడు, నాకు కనిపిస్తున్నాడు. బాబూ, మీ అమ్మకి కూడా ఆగే ఉంటుంది. ఇంటికెళ్లి అడుగు."

నవ్వు ఆగిపోయింది. ఈసారి బటన్ రెండుసార్లు నొక్కింది.

అత్తయ్య కుర్చీలో చతికిలబడింది.

"నాకు ఆగినప్పుడు మీ మామయ్య గాలి సోకిందన్నాడే" అంది చిన్నగా. "మూడేళ్లు నిద్ర లేదు. పగలు అందరి పురుళ్లూ పోసేదాన్ని, నా సంగతి అడగడానికి నాకే నోరు రాలేదు."

డ్రైవరు మాత్రం నేల చూపులు చూస్తున్నాడు. టోపీ తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.

"ఏమోయ్... నేను మింగలేదే."

"ఏంటి?"

"ఆ చేపనూనె త్రేన్పులు నా వల్ల కాదు. ఆరు నెలలుగా ఒక్కటి కూడా మింగలేదు. రోజూ ఆ మాత్ర..."

"రోజూ ఆ మాత్ర?"

"దువ్వెన సారుకి ఇస్తున్నా. జుట్టు మొలుస్తుందని ఎవరో చెప్పారట. ఎనిమిదింటికి టీతో వేసుకుంటాడు. ఇవాళా ఇచ్చాను."

మైకమ్మ కంట్రోలు గది వైపు తిరిగింది. ఎవరూ ఎత్తని ఫోను గుర్తొచ్చింది. ఇంత గోలకీ తెరుచుకోని తలుపు కనిపించింది. కంట్రోలర్ని చంపేశాను! మందు ఆడవాళ్లది, మనిషి మగవాడు, ఏమవుతుందో ఎవరికి తెలుసు? మైకు గది వదిలి, చెప్పులు వదిలి పరుగెత్తింది. వెనక మొగుడు. ఆ వెనక అత్తయ్య, "నాడి నేను చూస్తా, ఎవరూ ముట్టుకోకండి" అంటూ.

దువ్వెన సారు బస్సుల టైంటేబుల్ మీద చెంప ఆనించి ఉన్నాడు. చేతిలో దువ్వెన, పక్కన ఖాళీ టీ గ్లాసు. అత్తయ్య నాడి పట్టుకుంది. నాడి కంటే ముందు గురక జవాబిచ్చింది, మైకమ్మ గురకను మించిన గురక.

"బతికే ఉన్నాడు. హాయిగా ఉన్నాడు" అంది అత్తయ్య.

"అరగంటగా హాయిగానే ఉన్నాడు" అంది ఒక గొంతు. తలుపు వారన కుర్చీలో తనిఖీ అధికారి. చెప్పకుండా ముందే రావడం ఆయన అలవాటట. ఎన్నిసార్లు ఫోను మోగితే, ఎంత గోలైతే కంట్రోలరు లేస్తాడో చూద్దామని కదలకుండా కూర్చున్నాడట, ఒళ్లో నోటు పుస్తకం తెరిచి ఉంది.

ఆ గొంతుకు దువ్వెన సారు ఒక కన్ను తెరిచాడు. స్పీకర్ల మాటలు నిద్రలోకి సగం దూరినట్టున్నాయి. "ఎవరికి కడుపు?" అన్నాడు. అత్తయ్య, డ్రైవరు తను మింగకుండా ఆయనకిచ్చిన మాత్ర ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్పింది. రెండో కన్నూ తెరుచుకుంది.

"కడుపు నిలిచే మందా? నాకా? నాకేమవుతుందమ్మా?"

"ఒక్క మాత్రకి ఏం కాదు నాయనా. నెలలు నిండేదాకా ఇలాగే పడుకో."

అధికారి నవ్వలేదు. మైకమ్మ వైపు తిరిగాడు.

"మైకు వదిలి ఎందుకొచ్చావు?"

"మనిషి పోయాడేమోనని భయమేసింది సార్."

"బస్సు ఎందుకు ఆపావు? డ్రైవరు ఏమీ మింగలేదని తేలింది కదా?"

"తేలకముందే ఆపాలి కదండీ. తేలాక ఆపుదామంటే లోయలో బ్రేకులుండవు సార్."

ఆయన ఏదో రాసుకున్నాడు, చాలా రాసుకున్నాడు. జీపెక్కి వెళ్లిపోయాడు. ఆమె ఆ సాయంత్రం తన టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, కుర్చీ మీది మెత్త సంచిలో సర్దేసుకుంది. అయిదు రోజులు ఆ సంచి పక్కనే పెట్టుకుని బస్సుల పేర్లు చదివింది. తలుపు చప్పుడైనప్పుడల్లా సంచి చేతిలోకి తీసుకునేది.

ఆరో రోజు కాగితం వచ్చింది. "తనిఖీ వేళ కంట్రోలరు నిద్రలో ఉన్నారు. బస్సు ఆపవలసిన కంట్రోలరు పనిని మైకు ఉద్యోగిని చేసింది. మళ్లీ ఉత్తర్వులు వచ్చేవరకు కంట్రోలరు కుర్చీలో ఆమెనే కూర్చోబెట్టవలెను."

ఆమె కూర్చుంది. మైకు మాత్రం వదల్లేదు, తీగను కంట్రోలు గదిదాకా లాగించుకుంది. మొగుడు ఇప్పుడు ఆమె ఎదుట నిలబడి, ఆమె చూస్తుండగా చేపనూనె మింగి, నోరు తెరిచి చూపించి బస్సెక్కుతాడు.

ఆ వారమంతా ఆమె గదికున్న విచారణ కిటికీ ముందు ఆడవాళ్ల వరస గేటుదాకా సాగింది. బస్సు వేళ అడిగినవాళ్లు ముగ్గురే.